డాలస్ షెడ్డులో ఒక ఆర్32 జీటీ-ఆర్: మార్చినవి, మార్చనివి

బండి 1991 నాటి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, ఆర్32 అనే తరానిది. చాసిస్ నంబరు బీఎన్ఆర్32తో మొదలవుతుంది, అంటే మామూలు స్కైలైన్‌కు జీటీ-ఆర్ బంపర్లు తొడిగిన రకం కాదు. రంగు గన్ గ్రే మెటాలిక్, కంపెనీ కోడు కేహెచ్2. యజమాని నెల్లూరు నుంచి వచ్చి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. జపాన్ వేలంలో కొని, ఓడ మీద తెప్పించుకుని, నంబరు ప్లేటు వచ్చాక నా షెడ్డుకు తెచ్చాడు. కోరిక రెండు ముక్కల్లో చెప్పాడు: జపనీస్ కార్ల ప్రదర్శనలో పదిమంది ఆగి చూడాలి, అక్కడికి ట్రెయిలర్ మీద కాకుండా నడుపుకుంటూ వెళ్లాలి.

కోరిక చిన్నదే గానీ వెంట తెచ్చిన జాబితా పొడుగు. పెద్ద సింగిల్ టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజనులోకి అదనపు గాలి తోసే పరికరం), 600 హార్స్‌పవర్, వెనక బాడీ కోసి అతికించే వెడల్పు మడ్‌గార్డులు, ఎయిర్ సస్పెన్షన్, వైర్లన్నీ దాచేసిన ఇంజను గది. ఆ జాబితాను ఒకే ప్రశ్నతో వడగట్టాను: ఈ పని రేపు వద్దనుకుంటే విప్పేసి మళ్లీ కంపెనీ స్థితికి తేగలమా? తేగలిగితే మాట్లాడుకుందాం. తేలేకపోతే గట్టి కారణం చూపించాలి. ఆ వడపోతలో ఏది నిలిచింది, ఏది పోయింది, ఎక్కడ నేనే నియమం దాటాను అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఈ పట్టుదల వేరే బండి విషయంలో నాకు ఉండదు. ఆర్32 జీటీ-ఆర్ 1989 నుంచి 1994 వరకు, 43 వేలకు పైగా తయారైంది. గ్రూప్ ఏ అనే, అమ్మకానికి తయారైన కార్ల రేసుల కోసమే పుట్టిన బండి. దాని ఇంజను 2,568 సీసీ కావడం కూడా యాదృచ్ఛికం కాదు. ఆ రేసుల నియమం ప్రకారం టర్బో ఉంటే ఇంజను పరిమాణాన్ని 1.7తో గుణిస్తారు. గుణిస్తే 4,366 వస్తుంది, 4,500 సీసీ తరగతిలో ఇమిడిపోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ వల్ల పెరిగిన బరువుకు ఆ తరగతిలో అనుమతించే వెడల్పు టైర్లు కావాలని నిస్సాన్ ఇంజినీర్లు ఈ లెక్క వేశారు. ఫలితం అందరికీ తెలిసిందే: జపాన్ టూరింగ్ కార్ పోటీల్లో 1990 నుంచి 1993 వరకు పాల్గొన్న 29 రేసులూ జీటీ-ఆర్‌వే, ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ 1991లోనూ 1992లోనూ దానిదే.

అమెరికాలో విదేశీ బండికి పాతికేళ్లు నిండితే ఇక్కడి భద్రతా ప్రమాణాలతో పనిలేకుండా దిగుమతి చేసుకోవచ్చు. 1989 మోడళ్లకు ఆ తలుపు 2014లో తెరుచుకుంది. ఆ తరవాత ధర బాగా పెరిగింది. చేయి పడని బండ్లు తగ్గిపోతున్నాయి. 2017 డిసెంబరులో నిస్సాన్ ఈ మోడల్ కోసమే పాత విడిభాగాలను మళ్లీ తయారుచేసే హెరిటేజ్ కార్యక్రమం మొదలుపెట్టిందంటే అవసరం ఎంతగా ఉందో ఊహించుకోవచ్చు. అక్కడ దొరుకుతాయి, ధర మాత్రం అడగకూడదు.

వేలం కాగితం చెప్పింది, చెప్పనిది

జపాన్ వేలం కాగితం మీద బండి బొమ్మ గీసి, అక్షరాలతో లోపాలు గుర్తిస్తారు. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే మరమ్మతు ఆనవాలు, ఎస్ అంటే తుప్పు. పక్కనున్న అంకె తీవ్రతను చెబుతుంది. గ్రేడు స్థానంలో ఆర్ అని ఉంటే ప్రమాదంలో దెబ్బతిని బాగుచేసిన బండి. ఈ బండికి గ్రేడు 4 ఇచ్చారు, కాగితం మీద ఒకటి రెండు గీతలు, వెనక బంపర్ దగ్గర డబ్ల్యూ. నిజాయితీగా ఇచ్చిన గ్రేడే. కాకపోతే వేలం పరీక్షకుడు నిమిషాల్లో చూసి వెళ్లిపోతాడు, లిఫ్ట్ మీద ఎత్తి సీలర్ గీకి చూడడు.

నేను మొదట చూసేది ముందు షాక్ అబ్జార్బర్ల పైభాగం, అంటే ఇంజను గదిలో రెండు పక్కలా ఉండే గుండ్రటి గుమ్మటాలు. ఆర్32కు తుప్పు పట్టే చోటు అదే. కంపెనీ వేసిన సీలర్ కింద తడి నిలిచి, పైకి చిన్న బుడగలా కనిపిస్తుంది. బుడగను గీకితే వేలు దూరే రంధ్రం బయటపడటం కొత్త కాదు. ఇక్కడ కుడివైపు బాగుంది, ఎడమవైపు పోయింది. డిక్కీ అడుగున, వెనక అద్దం చుట్టూ పైపై తుప్పు మాత్రమే.

రెండో పరీక్ష అయస్కాంతం. మామూలుగా అయస్కాంతం అంటకపోతే కింద పుట్టీ ఉందని భయపడతాం. జీటీ-ఆర్ ముందు మడ్‌గార్డులకూ బోనెట్‌కూ అంటుకుంటేనే భయపడాలి. ఎందుకంటే బరువు తగ్గించడానికి అవి అల్యూమినియంతో చేశారు. అంటుకుందంటే ఎప్పుడో దెబ్బ తగిలి చవక స్కైలైన్ రేకులు బిగించారని అర్థం. దీనికి అంటలేదు. అప్పుడే ఈ బండి మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంజనులో కంప్రెషన్ ఆరు సిలిండర్లకూ దగ్గర దగ్గరగా ఉంది. అయితే పాత యజమానుల్లో ఎవరో బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) గొట్టంలో కంపెనీ పెట్టిన సన్నరంధ్రపు అడ్డు తీసేశారు. ఇది ఆర్32 కొన్నవాళ్లు చాలామంది చేసే ఉచిత మార్పు. పైసా ఖర్చు లేకుండా బూస్ట్ పెరుగుతుంది. ఎప్పుడో ఒక బూస్ట్ కంట్రోలర్ కూడా ఉండేది కాబోలు. దాని కోసం కంపెనీ వైర్లకు కొరికి తగిలించిన క్లిప్పులు మిగిలాయి. ఆ క్లిప్పులు ఒక్కొక్కటీ తీసి వైర్లు సరిచేయడానికి పట్టినంత సమయం కొన్ని పెద్ద పనులకు కూడా పట్టలేదు.

ఆయిల్ పంపు: నియమం దాటిన చోటు

ఆర్‌బీ26 ఇంజను, అంటే ఈ జీటీ-ఆర్ ఇంజను, ఎంత గొప్పదో దాని ఆయిల్ పంపు అంత బలహీనం. క్రాంక్ షాఫ్టు ముందు కొసన రెండు చదును ముఖాలు ఉంటాయి, అవి పంపు లోపలి గేరును తిప్పుతాయి. మొదటి సంవత్సరాల ఆర్32ల్లో ఆ ముఖాలు గేరును పట్టుకునే వెడల్పు చాలా తక్కువ. రెవ్ లిమిటర్ (ఇంజను వేగాన్ని హద్దు దాటనివ్వని ఏర్పాటు) తగిలి ఇంజను కుదుపుకు లోనైనప్పుడల్లా ఆ దెబ్బంతా ఆ కొద్ది అంచు మీద పడుతుంది. ఒకరోజు గేరు చిట్లుతుంది. ఆయిల్ ఒత్తిడి పోయిన క్షణాల్లో బేరింగులు పోతాయి, క్రాంకూ పోతుంది. నిస్సాన్ తరవాతి ఇంజన్లలో ఆ అంచు వెడల్పు పెంచింది, అంటే లోపం వాళ్లకూ తెలుసు.

పంపు మార్చడం చెప్పినంత తేలిక కాదు. ఈ బండిలో ముందు డిఫరెన్షియల్ (ముందు చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఇంజను అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌కే బిగించి ఉంటుంది, ముందు యాక్సిల్ షాఫ్టు ఆ చాంబర్ గుండానే దాటుతుంది. చాంబర్ దించాలంటే యాక్సిళ్లు, డిఫరెన్షియల్ అన్నీ విప్పాలి. అంత విప్పాక ఇంజను బండిలోనే ఉంచి పని చేయడం నాకు అర్థంలేని పొదుపుగా కనిపిస్తుంది. ఇంజను బయటికి తీశాం.

ఇక్కడ రెండు దారులున్నాయి. గట్టి ఉక్కు గేర్లున్న కొత్త పంపు వేసి, క్రాంకును అలాగే వదిలేయవచ్చు. అది తిరిగి విప్పగలిగే పని, నా నియమానికి సరిపోతుంది. లేదా క్రాంక్ కొసను లేత్ మీద కోసి, పూర్తి వెడల్పు ముఖాలున్న ఉక్కు కాలర్ (ఉంగరం) బిగించవచ్చు. కోసిన ఇనుము తిరిగి రాదు. నేను కాలర్ వైపే మొగ్గాను. బలమైన గేరును బలహీనమైన అంచుతో తిప్పడం వల్ల సమస్య చోటు మారుతుందే తప్ప పోదు. పైగా ఏ ప్రదర్శనలోనూ ఎవరూ క్రాంక్ కొసను చూడరు, కానీ ఆ కొస విరిగితే చూపించడానికి అసలు ఇంజనే మిగలదు. యజమాని వెంటనే ఒప్పుకోలేదు. ఆ డబ్బుతో మంచి చక్రాల సెట్టు వస్తుందన్నాడు. వస్తుంది, నిజమే. వాడిపోయిన పంపు గేరును అతని చేతిలో పెట్టాక మాట మారింది.

ఈ ఇంజనుకు ఇంకో జబ్బు ఉంది. హెడ్‌లోకి ఎక్కే ఆయిల్ ఎక్కువ, కిందికి దిగే దారులు తక్కువ. ఎక్కువసేపు అధిక ఆర్‌పీఎంలో నడిపితే ఆయిల్ పైనే చేరి చాంబర్ ఖాళీ అవుతుంది, మిగిలింది బ్రీదర్ (లోపలి ఆవిరి బయటికి పోయే) గొట్టాల్లోంచి టర్బోల్లోకి పోయి సైలెన్సర్ నీలిపొగ కక్కుతుంది. హెడ్ ఎలాగూ విప్పాం కాబట్టి బ్లాకు నుంచి పైకి వెళ్లే ఆయిల్ రంధ్రాల్లో సన్నటి రిస్ట్రిక్టర్లు పెట్టాం. చాంబర్ లోపల ఆయిల్ ఒక పక్కకు పరుగెత్తకుండా అడ్డుపలకలు వెల్డు చేశాం. బ్రీదర్ ఆయిల్‌ను పట్టే డబ్బా ఒకటి బిగించాం. కొత్త బేరింగులు, రింగులు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు వేశాం. పిస్టన్లు మాత్రం కంపెనీవే. మేం అనుకున్న శక్తికి అవి చాలు.

మొత్తం ఖర్చులో సగానికి పైగా ఈ కనపడని పనికే పోయింది.

టర్బోలు, పెట్రోలు, ఎండ

కంపెనీ జంట టర్బోల్లో ఎగ్జాస్ట్ వైపు తిరిగే చక్రం సెరామిక్. ఉక్కు కన్నా తేలిక కాబట్టి తొందరగా పుంజుకుంటుంది. కానీ బూస్ట్ ఒక బార్ దాటితే వేడికీ వేగానికీ తట్టుకోలేక ఊడిపోతుంది. అడ్డు తీసేసిన బండిలో ఇవి ఇంకా బతికి ఉండటమే అదృష్టం. సింగిల్ టర్బో వేస్తే శక్తి దండిగా వస్తుంది, ఇంజను గది ముఖమే మారిపోతుంది. దానికోసం తీసేయాల్సిన గొట్టాలు, బ్రాకెట్లు కూడా అన్నే ఉంటాయి. అందుకని కంపెనీ మానిఫోల్డులకే నేరుగా బిగిసే గారెట్ 2860 రకం లోహపు చక్రాల టర్బోలు రెండు వేశాం. బోనెట్ ఎత్తి చూసేవాడికి తేడా తెలియదు. తెలిసినవాడు వంగి చూస్తాడు, అదే మాకు కావలసింది.

కంప్యూటర్ విషయంలో కంపెనీ వైరింగును కోయకుండా అదే సాకెట్‌లో దిగే ప్లగ్-ఇన్ రకం వాడాం. ఆరు సిలిండర్లకూ విడివిడిగా ఆరు థ్రాటిళ్లు (గాలి తలుపులు) ఉన్న ఇంజను ఇది. చిన్న థ్రాటిల్ దగ్గర వాక్యూమ్ సంకేతం నిలకడగా ఉండదు, ట్యూనింగ్‌లో ఎక్కువ ఓపిక అక్కడే కావాలి. పూర్తి బూస్ట్‌లో మ్యాపు (పెట్రోలు, టైమింగ్ లెక్కల పట్టిక) ఎవరైనా కడతారు. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలేటప్పుడు బండి తడబడకుండా ఉండేలా కట్టేవాడే ట్యూనర్.

పెట్రోలు సంగతి జపాన్ బండ్లు తెచ్చుకునేవాళ్లు తరచుగా మరిచిపోతారు. అక్కడి బంకుల్లో హై-ఆక్టేన్‌ను 100గా అమ్ముతారు, కంపెనీ ఇగ్నిషన్ టైమింగ్ దాన్ని నమ్ముకుని ఉంటుంది. టెక్సస్ బంకు మీద రాసి ఉండే 93 వేరే పద్ధతి లెక్క. జపాన్ పద్ధతిలో చూస్తే అది దాదాపు 98. పశ్చిమ రాష్ట్రాల్లో దొరికే 91 ఇంకా తక్కువ. కంపెనీ కంప్యూటర్‌తో బూస్ట్ పెంచి, ఇక్కడి పెట్రోలు పోసి, ఆగస్టు ఎండలో హైవే ఎక్కితే నాకింగ్ (పెట్రోలు వేళ కాని వేళ పేలడం) రాక మానదు. అందుకే టైమింగ్ వెనక్కి తీసి, బూస్ట్ ఒక బార్ చుట్టూనే ఉంచి, నాలుగు చక్రాల రోలర్లూ ఒకే వేగంతో తిరిగే డైనో (శక్తి కొలిచే యంత్రం) మీద మ్యాపు కట్టాం. చక్రాల దగ్గర 370 చిల్లర హార్స్‌పవర్ వచ్చింది. కాగితం మీద కంపెనీ చెప్పిన 280 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవరే) ఇంజను దగ్గరి లెక్క. అప్పట్లో జపాన్ కంపెనీలన్నీ మాట అనుకుని అంతకు మించి ప్రకటించేవి కావు.

డాలస్ ఎండ 38 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. మందమైన అల్యూమినియం రేడియేటర్, చీలికలు లేని ఫ్యాన్ కవచం, థర్మోస్టాట్ ఉన్న ఆయిల్ కూలర్ వేశాం. ఏసీ పాత ఆర్-12 గ్యాసుది, సీళ్లు మార్చి ఆర్-134ఏకు తెచ్చాం. ఏసీ లేని ప్రదర్శన బండిని జులైలో యజమాని నడపడు, షెడ్డులోనే ఉంచేస్తాడు.

టెక్సస్‌లో పాతికేళ్లు దాటిన బండికి పొగ పరీక్ష లేదు. పరీక్ష లేదు కదా, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషాన్ని తగ్గించే భాగం) తీసేద్దాం అన్నాడు యజమాని. ఫెడరల్ చట్టం దాన్ని తీసేయడాన్ని ఒప్పుకోదు. గాలి ధారాళంగా సాగే కొత్త కన్వర్టర్ వేసి ఆ మాట అక్కడితో ముగించాను.

చక్రాలు: అందం ఎక్కడ ఆగాలి

ప్రదర్శన బండ్లలో వెనక చక్రాలు వెడల్పుగా, లోపలికి లోతుగా, ముందువి సన్నగా ఉండటం ఒక మోజు. ఈ బండికి అది విషం. ఆటెసా అని పిలిచే దీని ఫోర్ వీల్ డ్రైవ్ మామూలుగా వెనక చక్రాలనే తిప్పుతుంది. చక్రాల వేగం, పక్కకు పడే ఒత్తిడి కొలిచే సెన్సర్లు చెప్పినదాన్ని బట్టి హైడ్రాలిక్ ఒత్తిడితో ఒక క్లచ్ ప్లేట్ల కట్టను బిగించి, సగం వరకు శక్తిని ముందుకు పంపుతుంది. ముందు, వెనక టైర్ల చుట్టుకొలత వేరైతే రెండు యాక్సిళ్లూ ఎప్పుడూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. వెనక చక్రాలు జారుతున్నాయని కంప్యూటర్ అనుకుంటుంది. తిన్నటి రోడ్డు మీద కూడా ఆ క్లచ్ ఊరికే కాలిపోతుంది. కొత్త టైర్లు రెండు, అరిగినవి రెండు వేసినా ఇదే గోల. నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. ఈ మాట మీద నేను బేరమాడను.

17 అంగుళాల చక్రం, తొమ్మిది అంగుళాల వెడల్పు, 255/40 టైర్లు నాలుగూ వేశాం. చుట్టుకొలత కంపెనీ 225/50ఆర్16కు ఒక శాతం లోపు తేడా. మడ్‌గార్డు కోయకుండానే ఇమిడాయి. చక్రాలు జపాన్‌లోని రేస్ (Rays) అనే కంపెనీ తయారుచేసిన టీఈ37లు. 15 అంగుళాల సైజులో 3.7 కిలోల బరువు లక్ష్యంగా 1996లో వచ్చినందుకే వాటికా పేరు. యజమాని మొదట వీటి నకళ్లను కొనిపెట్టుకున్నాడు. పోతపోసిన నకలుకూ భారీ ప్రెస్‌తో ఒత్తిన అసలుకూ తేడా పది అడుగుల దూరం నుంచి పట్టేసేవాళ్లు ప్రదర్శనకు వస్తారు. బండి మొత్తం మీద వాళ్ల నమ్మకం అక్కడే పోతుంది. నకళ్లు వెనక్కి ఇచ్చేశాడు.

ఎయిర్ సస్పెన్షన్ కోసం డిక్కీ అడుగు కోయాల్సి రావచ్చు, అందుకే వద్దన్నాను. నట్లు విప్పి మళ్లీ పాతవి బిగించగలిగే కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ల జతలు) వేశాం. ఎత్తు మరీ తగ్గిస్తే ముందు యాక్సిల్ జాయింట్లు వంకరగా తిరుగుతాయి, పై లింకుల బుష్షులు తొందరగా పోతాయి. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలాం. ఫొటోలో ఆ సందు కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం కనిపించదు.

పైకి కనపడేది

ఎడమ గుమ్మటం దగ్గర తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డు చేశాం. ఇది కూడా వెనక్కి తిరగని పనే, కానీ తుప్పుకు నియమాలు వర్తించవు. ముందు భాగం, వెనక బంపర్ మాత్రమే రంగు వేసి, మిగతా బండికి 1991 నాటి రంగునే పాలిష్ చేశాం. కేహెచ్2 లాంటి మెటాలిక్ బూడిద రంగు కలపడం పెయింటర్‌కు పరీక్ష. రేణువులు పడుకునే తీరు గాలి ఒత్తిడితో మారిపోతుంది. నీడలో కలిసిన రంగు ఎండలో విడిపోతుంది. మా పెయింటర్ ముక్కల మీద కొట్టి, ఎండలో నిలబెట్టి చూసి, మళ్లీ కలిపాడు.

వెడల్పు మడ్‌గార్డుల గురించి మా ఇద్దరికీ గట్టి వాదనే జరిగింది. “జపాన్‌లో కూడా కోస్తున్నారు కదా అన్నా” అన్నాడు యజమాని. కోస్తున్నారు. కొన్ని చాలా అందంగా ఉంటాయి కూడా. ఇదే షెడ్డుకు చవక టూ వీల్ డ్రైవ్ స్కైలైన్ తెచ్చి ఉంటే నేనే రంపం పట్టేవాణ్ని. తుప్పు తక్కువగా ఉన్న అసలు జీటీ-ఆర్ వెనక రేకును మాత్రం నా చేత్తో కోయను.

వైర్లు దాచే పనికీ ఒప్పుకోలేదు. ఆటెసా, వెనక చక్రాలను కొద్దిగా తిప్పే హైకాస్, రెండింటి వైర్లలో కొన్నీ, హైకాస్ గొట్టాలూ ఆ గదిలోంచే వెళతాయి. అవి దాచాక ఒక లోపం వెతకాలంటే సగం బండి విప్పాలి. బదులుగా ఉన్నవన్నీ కనపడేలా శుభ్రం చేశాం. బోల్టులకు కంపెనీ నాటి పసుపు జింక్ పూత వేయించాం, ఎండి చిట్లిన రబ్బరు గొట్టాలు మార్చాం, క్లిప్పుల తలలన్నీ ఒకే దిక్కుకు తిప్పి బిగించాం. హెడ్ కవర్లను తరవాతి తరం జీటీ-ఆర్ అయిన ఆర్34లో లాగా ఎరుపు చేయమన్నాడు. ఈ బండి పుట్టిన రంగులోనే వేశాం.

ప్రదర్శనలో బండి పక్కన వేలం కాగితం, దాని అనువాదం, పని జరుగుతున్నప్పటి ఫొటోల పుస్తకం, పాత సెరామిక్ టర్బోలు, వాడిపోయిన పంపు గేరు ఒక బల్ల మీద పెట్టాం. ఫొటోల పుస్తకం ముందు ఆగినంతసేపు జనం బండి ముందు ఆగలేదు, యజమానికి అది కాస్త చిన్నతనంగానే అనిపించింది. న్యాయనిర్ణేత అద్దం ఒకటి కింద పెట్టి చాంబర్ చూశాడు, గుమ్మటం దగ్గర వెల్డు గురించి అడిగాడు. మా వర్గంలో రెండో స్థానం వచ్చింది. మొదటిది ఒక మజ్దా ఆర్ఎక్స్-7కు వెళ్లింది. ఆ ఇంజను గది చూశాక నాకు అభ్యంతరం లేదు. దారి పొడవునా హైవే మీద నీటి ఉష్ణోగ్రత ముల్లు కదలలేదు. స్టీరింగ్ కుడివైపు ఉండటం మన ఊళ్లో డ్రైవింగ్ నేర్చుకున్న యజమానికి ఇబ్బందే కాలేదు, టోల్ బూత్ దగ్గర తప్ప.

హైదరాబాద్ నుంచి ఇలాంటి బండి కట్టిస్తారా అని ఫోను చేసేవాళ్లు ఉన్నారు. ఇంత వయసున్న వాడిన కారును భారత్‌కు మామూలు పద్ధతిలో దిగుమతి చేసుకోవడం కుదరదు, మూడేళ్లు దాటకూడదన్నది నియమం. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. అక్కడ ఉన్న మిత్సుబిషి లాన్సర్లనూ పాత హోండా సిటీ వీటెక్‌లనూ కంపెనీ స్థితిలో నిలబెట్టుకోవడమే మంచిదని వాళ్లకు చెబుతున్నాను. వినేవాళ్లు తక్కువ.

ఈ బండిలో ఇంకా పని ఉంది. డ్యాష్‌బోర్డు ఎడమవైపు ఎండకు ఉబ్బింది, చాలా ఆర్32లకు వచ్చే జబ్బే. హైకాస్ వెనక ర్యాకు సీలు చెమ్మగిల్లుతోంది. మరమ్మతు చేయాలా, తీసి డబ్బాలో పెట్టి లాక్ బార్ (వెనక చక్రాలు పక్కకు తిరగకుండా పట్టి ఉంచే కడ్డీ) వేయాలా అన్నది చలికాలంలో తేలుస్తాం. యజమాని మళ్లీ సింగిల్ టర్బో మాట ఎత్తాడు. వేద్దాం గానీ ఈ బ్లాకు మీద కాదు, వేరే ఆర్‌బీ26 బ్లాకు కొనుక్కుని దాని మీద కట్టుకుందాం, ఈ ఇంజనును స్టాండు మీద పెట్టి మూతలు బిగిద్దాం అన్నాను. బ్లాకు ధరలు చూసి వస్తానని వెళ్లాడు, ఇంకా ఫోను రాలేదు.